మెయిన్ (Maine) రాష్ట్రం ప్లేట్లతో ట్రైలర్లు: నిజంగా మిగిలేది ఎంత?

మంజీర (డాలస్)

అందరికీ నమస్కారం. మాకు ఆరు ట్రాక్టర్లు (సరుకు ట్రైలరును లాగే ముందు భాగపు ట్రక్కులు), పది ట్రైలర్లు ఉన్నాయి. ట్రైలర్లు అన్నీ 53 అడుగుల డ్రై వ్యాన్లే (చలి యంత్రం లేని మూత పెట్టెలే), అన్నీ పాతవిగా కొన్నవే. వచ్చే నెలలో మరో నాలుగు కొత్తవి తీసుకోబోతున్నాము. ఇంతవరకు టెక్సాస్‌లోనే టోకెన్ ట్రైలర్ ప్లేట్లు (ఇలాంటి ట్రైలర్లకు టెక్సాస్ ఇచ్చే నంబరు ప్లేట్లు) తీసుకుంటూ వచ్చాము. ఈ మధ్య ఒక ఏజెంటు ఫోను చేసి, మెయిన్ రాష్ట్రంలో రిజిస్టరు చేయిస్తే పన్నెండేళ్లపాటు ప్లేటు సంగతే మరచిపోవచ్చని, కొత్త ట్రైలర్లకు అమ్మకపు పన్ను పడదని, ఆస్తి పన్ను బెడద ఉండదని, ఇన్సూరెన్సు కాగితం కూడా ఎవరూ అడగరని ఏకధాటిగా చెప్పుకుపోయాడు. హైవే మీద వెళ్తుంటే చాలా ట్రైలర్ల వెనుక మెయిన్ ప్లేట్లే కనిపిస్తున్న మాట నిజమే కాబట్టి, అతని మాటల్లో ఎంతో కొంత నిజం ఉండాలనిపిస్తోంది. మేము ఎన్నడూ అడుగు పెట్టని రాష్ట్రంలో ట్రైలరు రిజిస్టరు చేయించడం చట్టానికి లోబడిన పనేనా? లోబడినదే అయితే అతను చెప్పిన లాభాలన్నీ నిజంగా వస్తాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఎనభై వేల పౌండ్లు (ఫ్రెస్నో)

మంజీర గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు సులభం. చట్టానికి లోబడిన పనే.

మీ ట్రాక్టర్లకు ఉన్న అపోర్షన్డ్ ప్లేట్లు ఐఆర్‌పీ (ఇంటర్నేషనల్ రిజిస్ట్రేషన్ ప్లాన్) అనే రాష్ట్రాల మధ్య ఒప్పందం కింద వచ్చినవి. 1973లో మొదలైన ఆ ఒప్పందంలోకి రాష్ట్రాలు 1996 సెప్టెంబరు 30 లోగా చేరేలా 1991 నాటి ఫెడరల్ రవాణా చట్టం గడువు పెట్టింది. ఇప్పుడు అందులో 48 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, కెనడాలోని పది ప్రావిన్సులు ఉన్నాయి. ట్రాక్టరు ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగిందో లెక్కగట్టి రుసుమును ఆ మేరకు అన్ని రాష్ట్రాలకూ పంచుతారు. ట్రైలరు విషయంలో ఆ లెక్కల జోలికి పోలేదు. ఏదో ఒక సభ్య రాష్ట్రంలో సక్రమంగా రిజిస్టరైన ట్రైలరును మిగిలిన రాష్ట్రాలన్నీ వేరే రుసుము లేకుండా ఒప్పుకోవాలన్నది ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. దీనికి కారణం కూడా పని తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఉదయం మెంఫిస్‌లో ఒక ట్రైలరు వదిలి మరొకటి తగిలించుకుని, దాన్ని సాయంత్రం అట్లాంటాలో వదిలేసే ట్రాక్టర్లున్న వ్యాపారంలో ఒక్కో ట్రైలరుకూ రాష్ట్రాలవారీ మైళ్ల పద్దు రాయడం ఎవరి వల్లా కాదు. అయినా రోడ్డుకు జరిగే అరుగుదలకు డబ్బు వసూలు చేయకుండా ఎవరూ వదలలేదు. ట్రాక్టరుకు మీరు ప్రకటించే 80,000 పౌండ్లలో ట్రైలరు బరువు, సరుకు బరువు కలిసే ఉంటాయి కాబట్టి ఆ భారం ట్రాక్టరు ప్లేటు మీదనే పడుతోంది.

మా కాలిఫోర్నియా 2001లో ఇదే పని బాహాటంగా చేసింది. ట్రైలర్ల మీద ఉన్న రుసుములను ఎత్తివేసి ఆ భారాన్ని ట్రాక్టర్ల బరువు రుసుములోకి మార్చి, ట్రైలరుకు శాశ్వత ప్లేటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని మీద ఐదేళ్లకు ఒకసారి 10 డాలర్లు కడతాము. అందుకే నేను మెయిన్ వైపు ఎన్నడూ చూడలేదు. ఇక్కడ కడుతున్నదాని కంటే మిగలడానికి ఏమీ లేదు.

లెక్కల మాస్టారు (సీపీఏ, న్యూజెర్సీ)

ఎనభై వేల పౌండ్లు గారు చెప్పినది సరిగ్గా ఉంది. సీపీఏగా (లైసెన్సున్న అకౌంటెంటుగా) నేను రెండో ప్రశ్న దగ్గర ఆగుతాను, ఎందుకంటే మీ ఏజెంటు నాలుగు వేర్వేరు విషయాలను ఒకే మూట కట్టి మీ చేతిలో పెట్టాడు.

ప్లేటు రుసుము వేరు, కొనుగోలు మీద పడే పన్ను వేరు, ప్రతి ఏటా పడే ఆస్తి పన్ను వేరు, ఇన్సూరెన్సు మరీ వేరు. ఈ నాలుగింటిలో రిజిస్ట్రేషను ఎక్కడ చేయించారన్న దానిని బట్టి తేలిగ్గా మారేది మొదటిది ఒక్కటే. మిగిలినవి ట్రైలరు ఎక్కడ ఉంటుంది, ఎక్కడ పనిచేస్తుంది, దాని యజమాని వ్యాపారం ఎక్కడ నడుస్తోంది అన్న వాటిని పట్టుకుని వస్తాయే తప్ప, వెనుక బోల్టులతో బిగించిన రేకును చూసి రావు.

అంకెల్లో చూద్దాం. కొత్త ట్రైలరు ధర 40,000 డాలర్లు అనుకుందాం. స్థూల బరువు సామర్థ్యం 26,000 పౌండ్లు దాటిన ట్రైలరు మొదటి చిల్లర అమ్మకం మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజు పన్ను ఉంటుంది కాబట్టి 4,800 డాలర్లు అక్కడే పడతాయి. ఆ పన్నును డీలరే ప్రభుత్వానికి కట్టి మీ బిల్లులో చేరుస్తాడు, ఏ రాష్ట్రపు ప్లేటూ దాన్ని తప్పించదు. పాత ట్రైలరు కొంటే ఈ పన్ను రాదు. తరువాత టెక్సాస్ వాహన అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే 2,500 డాలర్లు. ఇక ప్లేటు సంగతి చూస్తే టెక్సాస్ టోకెన్ ట్రైలరు రుసుము ఏడాదికి 15 డాలర్లు, పైన కౌంటీ వేసే చిన్న రుసుములు. పన్నెండేళ్లు కట్టినా మూల రుసుము 180 డాలర్లే అవుతుంది. వేల డాలర్లు ఉన్న చోటు వదిలిపెట్టి 180 డాలర్లు ఉన్న చోట కూర్చుని బేరమాడుతున్నట్టుంది మీ ఏజెంటు సంభాషణ.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. సాధారణ సరుకు మోసే అంతర్రాష్ట్ర క్యారియరు కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ (ఇతరులకు జరిగే నష్టానికి ఇన్సూరెన్సు) ఉంచుకోవాలన్నది ఫెడరల్ నియమం. ప్లేటు కౌంటరులో ఎవరూ కాగితం అడగకపోయినా ఆ బాధ్యత ఎక్కడికీ పోదు. ట్రైలరు దెబ్బతింటే వచ్చే నష్టానికి కవరేజి ఉందా అని మీకు అప్పిచ్చిన బ్యాంకు తప్పక అడుగుతుంది.

మంజీర (డాలస్)

మాస్టారు గారూ, కళ్లు తెరిపించారు. అయితే ఆ 2,500 డాలర్ల మాటే తేల్చండి. నాలుగు ట్రైలర్లకు 10,000 డాలర్లు. మెయిన్‌లో టైటిలు (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషను చేయించి, ట్రైలరును టెక్సాస్ యార్డుకు తెచ్చుకుంటే ఆ పన్ను పడదన్నది అతని వాదన. అది తప్పా?

లెక్కల మాస్టారు (సీపీఏ, న్యూజెర్సీ)

వాదన తప్పు, ఫలితం మాత్రం మీ విషయంలో ఒప్పు కావచ్చు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడమే ప్రమాదం.

బయట కొని లోపలికి తెచ్చిన వాహనం మీద అమ్మకపు పన్నుకు జోడీగా వినియోగ పన్ను వేయడం దాదాపు అమ్మకపు పన్ను ఉన్న రాష్ట్రాలన్నింటిలో ఉన్నదే. కాబట్టి కేవలం మెయిన్ కాగితాలు ఉన్నాయన్న కారణంగా టెక్సాస్ పన్ను మాయమైపోదు. అయితే టెక్సాస్ చట్టంలోనే అంతర్రాష్ట్ర రవాణాకు వాడే వాహనాలకు, ట్రైలర్లకు, సెమీ ట్రైలర్లకు ఆ పన్ను నుంచి మినహాయింపు ఉంది. మీ ట్రాక్టర్లు అపోర్షన్డ్ ప్లేట్లతో టెక్సాస్ లోపలా బయటా తిరుగుతూ, ఈ ట్రైలర్లు వాటి వెనుక అదే పనిలో ఉంటే, టెక్సాస్ ప్లేటు వేసుకున్నా ఆ మినహాయింపు మీకు వస్తుంది. అంటే ఏజెంటు మీకు అమ్ముతున్నది మీ దగ్గర ముందునుంచీ ఉన్న వస్తువే. కాకపోతే కొన్న ఏడాదిలోపే ఆ ట్రైలరును అంతర్రాష్ట్ర పనిలోంచి తప్పించి, ఉదాహరణకు డాలస్ హ్యూస్టన్‌ల మధ్య మాత్రమే తిప్పడం మొదలుపెడితే, మినహాయింపు పోయి పన్ను మళ్లీ మీద పడుతుంది.

కొనేటప్పుడే డీలరుకు మినహాయింపు పత్రం ఇచ్చి, దాని నకలు మీ ఫైల్లో పెట్టుకోండి. ముందు పన్ను కట్టేసి తరువాత వాపసు కోసం తిరగడం వేరే ఉద్యోగం.

చలిపెట్టె (చికాగో శివారు)

ఈ మినహాయింపు ఉందని తెలియడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. నాకు జరిగినది చెబుతాను, తప్పు పూర్తిగా నాదే.

మా ఇల్లినాయిలో దీన్ని రోలింగ్ స్టాక్ మినహాయింపు అంటారు. కిరాయికి సరుకు మోసేవారికే అది వర్తిస్తుంది. తమ సొంత సరుకు తామే మోసుకునే కంపెనీకి రాదు. పైగా ఆ వాహనం ప్రయాణాల్లోగానీ మైళ్లలోగానీ సగానికి పైగా అంతర్రాష్ట్రంగా ఉండాలి, ట్రిప్పుల లెక్కా మైళ్ల లెక్కా అన్నది ముందే ఎంచుకోవాలి. నా దగ్గర తొమ్మిది రీఫర్లు (చలి యంత్రం ఉన్న ట్రైలర్లు) ఉండేవి. నాలుగేళ్ల తరువాత తనిఖీకి వచ్చినప్పుడు ట్రాక్టర్ల పద్దులు నిమిషాల్లో బయటపెట్టాను, ఎందుకంటే ఐఆర్‌పీ కోసం, ఇంధన పన్ను కోసం అవి ఎలాగూ రాస్తాము, ఈఎల్‌డీలో (డ్రైవరు పని గంటలు నమోదు చేసే పరికరంలో) మైళ్లు ఉండనే ఉన్నాయి. తనిఖీకి వచ్చిన ఆమె కాగితాలు తిరగేసి, "ఇవి ట్రాక్టర్ల మైళ్లు, నేను అడిగినది ట్రైలర్ల మైళ్లు" అన్నది. అప్పటికి గానీ నాకు వెలగలేదు. మా డిస్పాచ్ షీటులో (ఏ లోడుకు ఎవరిని పంపామో రాసే కాగితంలో) ట్రైలరు నంబరుకు గడి ఉంది కానీ, సగం రోజుల్లో దాన్ని ఎవరూ నింపలేదు. బిల్ ఆఫ్ లేడింగుల (సరుకు రవాణా రసీదుల) మీద డ్రైవర్లు ట్రైలరు నంబరు రాసిన చోట ఆ ట్రైలర్లు బతికాయి. రాయని చోట పోయాయి. తొమ్మిదిలో రెండింటికి రుజువు చాలలేదు, పన్ను, వడ్డీ, అపరాధ రుసుము కలిపి కట్టాను.

అప్పటినుంచి ప్రతి ట్రైలరుకూ జీపీఎస్ ట్రాకరు పెట్టించాను. లోడు కాగితం మీద ట్రైలరు నంబరు లేకపోతే మా అకౌంట్స్‌లో ఇన్వాయిసు ముందుకు కదలదు. మంజీర గారు ఏ రాష్ట్రపు ప్లేటు వేసుకున్నా సరే, ఈ ఒక్క అలవాటు ముందు చేసుకోవాలి.

పెన్నా తీరం (షార్లెట్)

ఆస్తి పన్ను గురించి ఎవరూ ఇంకా వివరంగా రాయలేదు కాబట్టి నా వంతు.

మా నార్త్ కరోలినాలో సెమీ ట్రైలర్లకు బహుళ సంవత్సరాల ప్లేటు ఇస్తారు. ప్రతి ఏటా రెన్యూ చేయనవసరం లేదు. అది చూసి కొత్తవాళ్లు చాలామంది పన్ను కూడా ఒకసారితో తీరిపోయిందనుకుంటారు. నిజానికి మామూలు కార్లకు ప్లేటు రెన్యువలుతోపాటే ఆస్తి పన్ను వసూలవుతుంది, ఈ ట్రైలర్లకు రెన్యువలు లేదు కనుక ప్రతి జనవరిలో మనమే వాటిని కౌంటీ అసెసరు (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అధికారి) దగ్గర వ్యాపార ఆస్తిగా ప్రకటించాలి. వేరే రాష్ట్రపు ప్లేటు ఉన్నా, ట్రైలరు స్థావరం ఇక్కడ ఉంటే ఆ బాధ్యత మారదు. నేను మూడేళ్లు మెయిన్ ప్లేట్లతో నడిపాను. ఆ మూడేళ్లూ జనవరిలో అదే ఫారం మీద అవే ట్రైలర్లను రాశాను. మా వీధిలోని మరో ఆపరేటరు రాయలేదు, "నా ట్రైలర్లు మెయిన్‌వి కదా" అన్నది అతని ధీమా. చివరికి పాత సంవత్సరాలన్నీ కలిపి ఒకేసారి నోటీసు వచ్చింది. యార్డు గేటు బయట నిలబడి చూసినా ట్రైలర్లు లెక్కపెట్టవచ్చు, దానికి పెద్ద నిఘా అక్కరలేదు.

కంది చేను (అట్లాంటా)

మీరందరూ భయపెడుతున్నారు కానీ, మెయిన్ ప్లేటుకు నిజమైన లాభం ఉన్న రాష్ట్రాలు ఉన్నాయి. మా జార్జియాలో 2013 మార్చి నుంచి కార్లకు ఒకేసారి కట్టే టైటిల్ పన్ను వచ్చింది కానీ, మోటారు లేని ట్రైలర్లకు మాత్రం ఏటా విలువను బట్టి కట్టే పాత పద్ధతే మిగిలింది. అందువల్ల నేను ఇంకో అడుగు ముందుకు వేసి ఆలోచిస్తున్నాను. మోంటానాలో అమ్మకపు పన్ను లేదు, ట్రైలర్లకు ఒకసారి కడితే చాలు, శాశ్వత రిజిస్ట్రేషను. అక్కడ ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి, ట్రైలర్లన్నీ దాని పేరు మీదికి మార్చి, నా క్యారియరు కంపెనీకి లీజుకు ఇప్పిస్తే పన్నులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి కదా? పైగా ప్రమాదం జరిగినా ట్రైలర్ల ఆస్తి వేరుగా భద్రంగా ఉంటుంది.

లెక్కల మాస్టారు (సీపీఏ, న్యూజెర్సీ)

కంది చేను గారూ, ఈ ప్రశ్న నాకు ఏడాదికి పదిసార్లు వస్తుంది, ఎక్కువగా మోటారు హోములు కొన్నవారి దగ్గరనుంచి. అందుకే కాస్త ఓపికగా రాస్తున్నాను.

ఆస్తులకు ఒక కంపెనీ, నడపడానికి ఒక కంపెనీ పెట్టుకోవడం తప్పు కాదు, చాలామంది సబబైన కారణాలతోనే చేస్తారు. కానీ మోంటానా ఎల్‌ఎల్‌సీకి అక్కడ ఆఫీసు లేదు, ఉద్యోగి లేడు, ట్రైలర్లు ఒక్కరోజు కూడా అక్కడ నిలబడలేదు. అవి నిలబడేది మీ అట్లాంటా యార్డులో, సంపాదించేది అక్కడినుంచి. ట్రైలరు మీ దగ్గర ఉన్నంతకాలం మీ కౌంటీ దాన్ని పన్ను వేయదగిన ఆస్తిగా చూడకుండా ఎల్‌ఎల్‌సీ అడ్డుకోలేదు. ఇక లీజు మాటకు వస్తే, లీజు అద్దె మీదనే అమ్మకపు పన్ను వేసే రాష్ట్రాలు ఉన్నాయి, అంటే లేని పన్నును మీరే సృష్టించుకున్నవారవుతారు. అంతర్రాష్ట్ర వ్యాపారం అన్న మాట వినగానే రాష్ట్రాలు చేతులెత్తేస్తాయన్న నమ్మకం కూడా పాతది. 1977లో కంప్లీట్ ఆటో ట్రాన్సిట్ కేసులో సుప్రీం కోర్టు దానికి తెర దించింది. మిసిసిపీలోని జాక్సన్‌కు రైల్లో వచ్చిన జనరల్ మోటార్స్ వాహనాలను అక్కడినుంచి డీలర్లకు ట్రక్కుల మీద చేర్చే కంపెనీ అది. వ్యాపారానికి ఆ రాష్ట్రంతో తగినంత సంబంధం ఉండి, పన్ను న్యాయంగా పంచినదై, వివక్ష లేనిదై, రాష్ట్రం అందించే సేవలకు తగినట్టుగా ఉంటే అంతర్రాష్ట్ర వ్యాపారమైనా పన్ను చెల్లుతుందని తీర్పు. మన వృత్తివారి కేసే కావడంతో దీన్ని నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను.

భద్రత గురించి మీరు అనుకుంటున్నది 2005 నాటి గ్రేవ్స్ సవరణ అనుకుంటాను. వాహనాలు అద్దెకు ఇచ్చే వ్యాపారంలో ఉన్న యజమానిని, కేవలం యజమాని అయినందుకు మాత్రమే ప్రమాదానికి బాధ్యుణ్ణి చేయకూడదన్నది దాని సారం. అయితే యజమానిది గానీ, యజమానికి అనుబంధంగా ఉన్న సంస్థది గానీ నిర్లక్ష్యం ఉండకూడదన్న షరతు అందులోనే ఉంది. మీ ఎల్‌ఎల్‌సీకి అనుబంధ సంస్థ ఎవరు? మీ క్యారియరు కంపెనీయే. డ్రైవరును సరిగ్గా చూసుకోలేదన్న ఆరోపణ మొదట పడేది దాని మీదనే. మీరు కట్టిన గోడకు తలుపు మీరే పెట్టినట్టవుతుంది.

కంది చేను (అట్లాంటా)

గోడ మాట ఒప్పుకున్నాను. లీజు అద్దె మీద పన్ను ఉంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు. ఎల్‌ఎల్‌సీ ఆలోచన పక్కన పెడుతున్నాను కానీ, మెయిన్ ప్లేటు ఆలోచన మాత్రం వదలను.

బొంగరం (ఫీనిక్స్)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాకు పెద్ద ట్రక్కులు లేవు. పికప్ వెనుక గూస్‌నెక్ ట్రైలరు తగిలించి ఊరిలోనే చిన్న చిన్న యంత్రాలు మోస్తాను. మొత్తం బరువు 26,000 పౌండ్లకు లోపే. నాకూ మెయిన్ ప్లేటు పనికొస్తుందా?

ఎనభై వేల పౌండ్లు (ఫ్రెస్నో)

మీకు వద్దు. 26,000 పౌండ్లు దాటని రెండు ఇరుసుల వాహనం ఐఆర్‌పీ పరిధిలో తప్పనిసరిగా ఉండేది కాదు. మీ పికప్ మీ రాష్ట్రపు మామూలు ప్లేటుతో తిరుగుతూ, దాని వెనుక రెండు వేల మైళ్ల అవతలి రాష్ట్రపు ట్రైలరు ప్లేటు రోజూ అదే ఊళ్లో కనిపిస్తే, తమ నివాసులు తమ వాహనాలను తమ దగ్గరే రిజిస్టరు చేయాలన్న నియమం కింద ప్రశ్నించడానికి చాలా రాష్ట్రాల్లో అవకాశం ఉంది. ఐఆర్‌పీ ట్రాక్టరు వెనుక ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ప్లేటు, పికప్ వెనుక ఉన్నప్పుడు ప్రశ్న అవుతుంది.

మరొకరు అడగకముందే ఇదీ చెబుతున్నాను: ట్రాక్టర్లకు ఈ పద్ధతి వర్తించదు. వాటి మూల రాష్ట్రంలో మీకు స్థిరమైన వ్యాపార స్థలమో నివాసమో ఉండాలి, ఆ వాహనాలు అక్కడ మైళ్లు తిరిగి ఉండాలి, పద్దులు చూపగలగాలి.

మంజీర (డాలస్)

టెక్సాస్ ఆస్తి పన్ను గురించి కూడా మాస్టారు గారు నాలుగు మాటలు రాస్తే నా లెక్క పూర్తవుతుంది. మేము ఏటా ఏప్రిల్‌లో రెండిషను ఫారం (వ్యాపార ఆస్తుల ప్రకటన) వేస్తాము, కానీ ట్రైలర్లను కొన్న ధరకు దగ్గరగా రాసి ఊరుకుంటున్నాము.

లెక్కల మాస్టారు (సీపీఏ, న్యూజెర్సీ)

అక్కడే మీ డబ్బు పోతోంది మంజీర గారూ.

టెక్సాస్‌లో ఆదాయం కోసం వాడే వ్యాపార ఆస్తికి జనవరి 1 నాటి స్థితిని బట్టి పన్ను. రెండిషనుకు గడువు ఏప్రిల్ 15, ఆలస్యమైతే పన్నులో 10 శాతం అపరాధ రుసుము. అయితే టెక్సాస్‌లోనూ బయటా తిరిగే ఆస్తి విలువలో టెక్సాస్ వాడకానికి తగిన వాటా మీదనే పన్ను వేయాలని ఆ చట్టమే చెబుతోంది. దీన్ని అంతర్రాష్ట్ర కేటాయింపు అంటారు. అడిగినవారికే అది దక్కుతుంది. మీ ట్రైలర్ల మైళ్లలో నలభై శాతం మాత్రమే టెక్సాస్‌వి అని మీరు రుజువు చూపగలిగితే, పూర్తి విలువ మీద పన్ను ఎందుకు కట్టాలి? రుజువు అంటే మళ్లీ చలిపెట్టె గారు చెప్పిన ట్రైలరు నంబర్లే.

రెండో విషయం ఇంకా ముఖ్యం. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో వ్యాపార ఆస్తికి ఉన్న మినహాయింపు 2,500 డాలర్ల నుంచి 1,25,000 డాలర్లకు పెరిగింది, 2026 పన్ను సంవత్సరం నుంచి అమలు. మీ పది పాత ట్రైలర్లను కొన్న ధరకు కాక నేటి మార్కెట్ విలువకు సరిగ్గా మదింపు చేసి, కేటాయింపు కూడా అడిగితే, ఆ పరిమితి వాటిలో చాలా భాగాన్ని మింగేయవచ్చు. ట్రాక్టర్లు కూడా అదే లెక్కలోకి వస్తాయి కాబట్టి మొత్తం సున్నా అవుతుందని నేను చెప్పను. అయినా ఈ రెండు కాగితాల వల్ల మిగిలేదాని ముందు పద్నాలుగు ప్లేట్ల తేడా చాలా చిన్నది.

చలిపెట్టె (చికాగో శివారు)

డబ్బు లెక్క అయిపోయింది కాబట్టి రోజువారీ బాధలు రెండు చెబుతాను. నాకు ఇప్పుడు కూడా ఏడు మెయిన్ ప్లేట్లు ఉన్నాయి, వాటితో నాకు గొడవ లేదు, మళ్లీ తీసుకోమన్నా తీసుకుంటాను. దీర్ఘకాలపు ప్లేటుతో అసలు సుఖం రుసుములో లేదు. ప్రతి ఏటా కొత్త స్టిక్కరు కోసం, దేశంలో ఏ మూలనో ఎవరి యార్డులోనో ఉన్న ట్రైలరును వెతుక్కుంటూ పోనవసరం లేకపోవడంలో ఉంది. ఏటా చేయవలసిన ఫెడరల్ తనిఖీ ఎలాగూ తప్పదు, అది వేరే సంగతి.

మొదటి బాధ టోల్ బిల్లులు. కెమెరా ట్రాక్టరు ముందు ప్లేటును కాక ట్రైలరు వెనుక ప్లేటును పట్టిన చోట, బిల్లు ట్రైలరు రిజిస్ట్రేషను మీద ఉన్న చిరునామాకు వెళ్తుంది. నేను మొదట్లో ఏజెంటు చిరునామా ఉంచి ఊరుకున్నాను. ఆయన వాటిని నెలకొకసారి కట్టగా పంపేవాడు. అవి నా చేతికి వచ్చేసరికి అసలు కంటే ఆలస్య రుసుము పెద్దదై ఉండేది. రిజిస్ట్రేషను కాగితం మీద మీ ఉత్తరాలు మీకే వచ్చే చిరునామా ఉండేలా చూసుకోండి.

రెండోది నవ్వు తెప్పిస్తుంది కానీ అప్పుడు నవ్వు రాలేదు. ఏడు ప్లేట్లు ఒకే కవరులో వచ్చాయి. శనివారం సాయంత్రం, చీకటి పడే వేళ, నేనూ మా మెకానిక్కూ యార్డులో బిగించేశాము. మూడు నెలల తరువాత ఒక తూకం స్టేషనులో ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని ట్రైలరు ఎడమ వైపు ముందు మూలకు వెళ్లి, అక్కడ తయారీదారు అంటించిన పట్టీ మీది విన్ నంబరును (వాహన గుర్తింపు సంఖ్యను) వేలితో ఒక్కో అక్షరం చదివి, "ఈ ప్లేటు ఈ ట్రైలరుది కాదు" అన్నాడు. 4107 ట్రైలరు ప్లేటు 4101కి, దానిది దీనికి బిగించాము. లోడులో కోడి మాంసం, లోపల చల్లదనం తగ్గకుండా రీఫర్ నడుస్తూనే ఉంది. ఆఫీసునుంచి రెండో ట్రైలరు కాగితాలు పంపించి, పొరపాటు అర్థమయ్యేలా చెప్పి బయటపడేసరికి రెండు గంటలు పట్టింది.

పెన్నా తీరం (షార్లెట్)

నేను మెయిన్ నుంచి మళ్లీ సొంత రాష్ట్రానికి ఎందుకు మారానో చెప్పడం మరిచాను. మేము ట్రైలర్లను ఐదారేళ్లకు అమ్మేస్తాము. పన్నెండేళ్లకు ముందే కట్టిన ప్లేటు కొనేవాడి పేరు మీదికి దానంతట అది వెళ్లదు, వాడు దాని కోసం ఒక డాలరు కూడా ఎక్కువ ఇవ్వడు. ఎంతకాలం ఉంచుకుంటారో చూసుకుని గడువు ఎంచుకోండి.

మంజీర (డాలస్)

అందరికీ చాలా ధన్యవాదాలు. నిన్న రాత్రి మా ఆవిడా నేనూ పాత కాగితాలు ముందేసుకుని కూర్చున్నాము. పది పాత ట్రైలర్లకు టెక్సాస్‌లోనే ఐదేళ్ల గడువుతో టోకెన్ ప్లేట్లు తీసుకుంటున్నాము. ఏటా రెన్యూ చేసే పని అక్కడే తీరుతున్నప్పుడు ఏజెంటుకు ప్రతి ట్రైలరుకూ అదనంగా రుసుము ఇచ్చుకోవడంలో అర్థం లేదు. కొత్త నాలుగింటిలో రెండు ఒక కస్టమరు కాంట్రాక్టు కింద ఏళ్ల తరబడి ఒహాయో, పెన్సిల్వేనియా యార్డుల మధ్యనే తిరుగుతాయి, ఇక్కడికి అరుదుగా వస్తాయి. వాటికి మాత్రం మెయిన్ దీర్ఘకాల ప్లేట్లు, మా చిరునామా మీదనే. డీలరుకు మినహాయింపు పత్రం సోమవారం ఇస్తాము. ఏజెంటుకు ఫోను చేసి అమ్మకపు పన్ను గురించి అతను చెప్పినది రాతపూర్వకంగా ఇవ్వమంటే, "అది మీ సీపీఏను అడగండి" అన్నాడు.

డిస్పాచ్ షీటులో మాకూ ట్రైలరు నంబరు గడి ఉంది. గత నెల షీట్లు లెక్కపెట్టాను: 212 ట్రిప్పుల్లో 90 ఖాళీగా ఉన్నాయి.

చలిపెట్టె (చికాగో శివారు)

90 అంటే నా కంటే నయం. ఒక్క మాట: ప్లేట్లు వచ్చాక పగటి పూట బిగించండి. బిగించే ముందు ప్రతి ట్రైలరు విన్ పట్టీ పక్కన దాని ప్లేటు పట్టుకుని ఒకే ఫొటోలో రెండూ కనిపించేలా తీసి, ఆ ఫొటో డ్రైవర్ల ఫోన్లలో ఉంచండి.